సెల్లార్‌లో దొరికిన పిల్లికూన: పాలు పడితే ముక్కులోంచి వస్తున్నాయి, ఏం చేయాలి?

బెంజిసర్కిల్_సుధ
నిన్న రాత్రి వానలో మా అపార్టుమెంటు సెల్లార్‌లో, స్కూటర్ల వరుస వెనక, ఒక పిల్లికూన ఒంటరిగా అరుస్తూ కనిపించింది. నా అరచేతిలో పట్టేంత ఉంది. కళ్ళు సగమే తెరిచింది. ఒక చెవి నిలబడింది, రెండోది ఇంకా తలకు అంటుకునే ఉంది. తల్లి రెండు రోజులుగా కనబడటం లేదని వాచ్‌మన్ చెప్పాడు. ఇంటికి తెచ్చి, గోరువెచ్చని ఆవుపాలలో సగం నీళ్ళు కలిపి, కాళ్ళు చాపుకుని కూర్చుని, మా బాబుకు ఉగ్గు పట్టినట్టే దీన్ని కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి ఫిల్లరుతో పట్టాను. నాలుగు చుక్కలు మింగాక ముక్కులోంచి పాలు వచ్చి తుమ్మింది. తెల్లవారుజామున మళ్ళీ పట్టినప్పుడు కూడా అంతే జరిగింది. ఇంతవరకు మూత్రం పోయలేదు, ఒళ్ళు చల్లగా ఉంది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఏ జంతువునూ పెంచలేదు. ఈ రోజు ఆదివారం కావడంతో దగ్గరలో ఉన్న క్లినిక్ మూసి ఉంది. రేపటిదాకా దీన్ని ఎలా కాపాడుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

కాచిగూడ_కిటికీ
ముందు పాలు పట్టడం ఆపండి. ఒళ్ళు చల్లబడిన కూనకు ఎంత మంచి పాలు పట్టినా అరగవు, ఎందుకంటే శరీరం చల్లబడితే పేగుల కదలిక మందగించి, తాగినదంతా కడుపులోనే నిలిచిపోతుంది. కాబట్టి మొదట వెచ్చదనం, తరువాత నీరు, ఆ తరువాతే పాలు. ఒక అట్టపెట్టెలో పాత నూలు చీర మడతలు వేయండి. సీసాలో వేడినీళ్ళు పోసి, దానికి మందపాటి తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కన మాత్రమే పెట్టండి. రెండో పక్క ఖాళీగా వదలాలి, వేడి ఎక్కువైనప్పుడు అది పాకుతూ అటు జరగగలగాలి. తొందరపడి హెయిర్ డ్రయ్యరు పెట్టకండి. గంటా గంటన్నరలో నెమ్మదిగా వెచ్చబడితే చాలు.

రెండో సంగతి, ఉగ్గు పట్టినట్టు పట్టానన్నారు చూశారా, ముక్కులోంచి పాలు రావడానికి అదే కారణం. పిల్లికూన తల్లి దగ్గర బోర్లా పడుకుని, ముందుకాళ్ళతో తల్లి పొట్టను ఒత్తుతూ, తల కొద్దిగా ఎత్తి తాగుతుంది. వెల్లకిలా పడుకోబెడితే పాలు గొంతులో దారి తప్పి ఊపిరితిత్తులలోకి పోతాయి. బల్లమీద తువ్వాలు పరిచి, దానిమీద బోర్లా ఉంచి, సూది తీసేసిన చిన్న సిరంజితో నోటి పక్కనుంచి చుక్కచుక్కగా వేయాలి. ఒక చుక్క మింగాకే రెండో చుక్క. ఫిల్లరు రబ్బరు బుడ్డి నొక్కితే ఎన్ని చుక్కలు పడతాయో మన చేతిలో ఉండదు, దాన్ని పక్కన పడేయండి.

తెల్లకోటు_09
నేను పశువైద్యురాలిని. పైన చెప్పినది సరైనదే. కళ్ళు సగం తెరిచిందంటే వయసు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య ఉంటుంది. ఈ వయసులో అది తనంతట తాను మూత్రం పోయలేదు, తల్లి నాకితేనే వస్తుంది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూదితో తోక కింద మృదువుగా, ఆగకుండా ఒకటి రెండు నిమిషాలు రాయండి. ప్రతిసారి పాలు పట్టే ముందు గానీ తరువాత గానీ ఇలా చేయాలి, దాదాపు నాలుగో వారం వరకు. ఇక ఊపిరి తీస్తున్నప్పుడు గురగురమనే శబ్దం వచ్చినా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, చిగుళ్ళు నీలంగా మారినా రేపటిదాకా ఆగకుండా ఎక్కడ డాక్టరు దొరికితే అక్కడికి తీసుకువెళ్ళండి.

అమ్మమ్మగారి_మాట
ఇంత హడావిడి దేనికో నాకు అర్థం కాలేదు. అమలాపురం దగ్గర మా పుట్టింట్లో నాలుగు గేదెలు ఉండేవి, పాలు పితికే వేళకు అరడజను పిల్లులు దొడ్లో వరుసకట్టి కూర్చునేవి. వాటికి చిప్పలో పాలు పోస్తే తాగి సుఖంగా పెరిగాయి. డబ్బా పాలపొడి ఎవరు చూశారు? ఆవుపాలు పలచన, గేదెపాలు పట్టమని చెప్పండి, రెండు రోజులలో గంతులు వేస్తుంది.

తెల్లకోటు_09
అమ్మమ్మగారూ, మీ దొడ్లో వరుసకట్టినవి నడవడం వచ్చిన పిల్లులు. అవి పాలతో పాటు ఎలుకలనూ, మీరు విసిరిన చేపముక్కలనూ తినేవి. పది రోజుల కూనకు పాలే సర్వస్వం. ఆవుపాలలో మాంసకృత్తులు సుమారు మూడు శాతం ఉంటే, పిల్లిపాలలో అంతకు రెట్టింపు కంటే ఎక్కువ ఉంటాయి. సుధగారు ఆ మూడు శాతంలోనూ సగం నీళ్ళు కలిపారు. గేదెపాలలో వెన్న ఎక్కువే గానీ మాంసకృత్తులు పిల్లిపాలకు సరితూగవు, పైగా ఆ పాలకు విరేచనాలు పట్టుకుంటే ఇంత చిన్న శరీరంలో నీరు ఒక్క రోజులో ఇంకిపోతుంది. పెంపుడు జంతువుల దుకాణంలో పిల్లిపిల్లల కోసమే చేసిన పాలపొడి అని అడిగితే ఇస్తారు. అది దొరికేదాకా, ఒళ్ళు వెచ్చబడిన తరువాత, మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ గోరువెచ్చగా గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్లు పట్టవచ్చు. ఈ పూటకు మాత్రమే సుమా, అది ఆహారం కాదు.

అమ్మమ్మగారి_మాట
నువ్వు చదువుకున్నదానివి తల్లీ, కాదనను. కానీ మా కాలంలో పిల్లులు బతికాయి అన్నది అబద్ధం కాదు.

కాచిగూడ_కిటికీ
బతికినవి మాత్రమే మీకు కనిపించాయి అమ్మమ్మగారూ. గడ్డివాములో చచ్చిపోయినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

మూడోఅంతస్తు
తెనాలి రామలింగడు వేడిపాలు తాగించి పిల్లిని పాలంటేనే పారిపోయేటట్టు చేశాడంటారు. సుధగారి ఫిల్లరు కూడా ఆ పని చేసేటట్టే ఉంది.

సందేహాలరావు
అసలు ఇది అనాథ అని ఎవరు నిర్ణయించారు? పిల్లి ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కూనలను ఒక్కొక్కదాన్నే మెడ దగ్గర కరచుకుని చోటు మారుస్తుంది. ఆఖరిదాన్ని తీసుకువెళ్ళడానికి వచ్చేలోగా మీరు ఎత్తుకుపోయి ఉంటారు. మనుషుల చెయ్యి తగిలింది కాబట్టి ఇక తల్లి ముట్టుకోదు, అది వేరే సంగతి.

కాచిగూడ_కిటికీ
రావుగారి మొదటి మాట నూటికి నూరుపాళ్ళు నిజం, రెండోది కాదు. మనిషి వాసన తగిలినంత మాత్రాన తల్లిపిల్లి కూనను వదిలేయదు. తల్లి ఉంటే దానికి మించిన దాది లేదు కాబట్టి నిర్ధారించుకోవడం మంచిదే. కాకపోతే చల్లబడిన కూనను తిరిగి సెల్లార్‌లో పెట్టి ఎదురుచూడకూడదు. సుధగారూ, ఈ రాత్రి కూన దొరికిన చోట నేలమీద పలచగా బియ్యప్పిండి చల్లి రండి. తల్లి వెతుక్కుంటూ వస్తే పొద్దున అడుగుజాడలు కనిపిస్తాయి. ముగ్గుపిండి వాడకండి, అందులో సున్నపురాయి ఉండవచ్చు, పిల్లి పాదాలు నాక్కుంటుంది.

బెంజిసర్కిల్_సుధ
మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. సీసా పెట్టిన గంటంబావుకు ఒళ్ళు వెచ్చబడింది, అప్పటిదాకా చెక్కలా బిగుసుకున్నది మెత్తగా చుట్టుకుని పడుకుంది. మా వారు వెళ్ళి పాలపొడి డబ్బా, చిన్న సిరంజిలు, దూది తెచ్చారు. దూదితో రాస్తుంటే మొదట ఏమీ రాలేదు. నేను చేయడం తప్పేమో అనుకుని ఆపబోతుండగా దూది వెచ్చబడింది, తీసి చూస్తే పసుపు మరక. ఒక మరకను చూసి నేను ఇంతగా సంతోషించడం మా బాబు పుట్టిన నెల తరువాత ఇదే మొదలు.

మరక ముదురు పసుపుగా ఉంది, అది చెడ్డ గుర్తా?

తెల్లకోటు_09
ఒంట్లో నీరు తక్కువగా ఉందని దాని అర్థం. పాలు సరిగా పడుతున్న కొద్దీ లేతరంగుకు మారాలి. వంటింట్లో గ్రాముల త్రాసు ఉంటే ఇప్పుడే తూచి రాసుకోండి. ఇకమీదట ప్రతిరోజూ ఒకే వేళకు, పాలు పట్టే ముందు తూచాలి. ఇంత చిన్నదానికి ఏం జరుగుతోందో చెప్పేది ఆ అంకె ఒక్కటే, మన కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

బెంజిసర్కిల్_సుధ
గిన్నె బరువు తీసేస్తే 168 గ్రాములు. నిన్న రాత్రే తూచి ఉండవలసింది.

తణుకు_కోళ్ళఫారం
పిల్లుల సంగతి నాకు తెలియదు గానీ పిల్లలకు వెచ్చదనం ఇవ్వడం మా రోజూ పని. ఒక్క రోజు వయసున్న కోడిపిల్లలకు బ్రూడరు (వేడినిచ్చే బల్బుల గొడుగు) కింద మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి ఉంచి, వారం వారం తగ్గిస్తూ వస్తాము. థర్మామీటరు ఉన్నా మేము చూసేది పిల్లలనే. అన్నీ బల్బు కిందికి చేరి కుప్పపడితే చలి, రెక్కలు దించి నోరు తెరిచి అంచులకు పోతే వేడి ఎక్కువ, అంతటా సమంగా పరుచుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మీ ఒక్క కూన కూడా అదే భాష మాట్లాడుతుంది. సీసాను అంటుకుని అరుస్తుంటే నీళ్ళు చల్లారాయని అర్థం. అటకమీద పాత అరవై వాట్ల బల్బు ఉంటే పెట్టెకు పైన వేలాడదీయండి, గంటగంటకూ నీళ్ళు మార్చే బాధ తప్పుతుంది.

కాచిగూడ_కిటికీ
మీరు చెప్పిన కోడిపిల్లల భాషను నేను ఇక దాచుకుంటాను. బల్బు విషయంలో మాత్రం ఒప్పుకోలేను. షెడ్డులో దాన్ని కనిపెట్టుకుని మనిషి ఉంటాడు, కింద పొట్టు పరుస్తారు. ఇక్కడ అట్టపెట్టె, నూలు చీర, నిద్రలేమితో ఉన్న ఇల్లాలు. బల్బు జారిపడితే అంటుకుంటుంది, కరెంటు పోతే ఎవరికీ తెలియదు. సీసా మార్చడానికి లేచినప్పుడు ఎలాగూ పాలు పట్టాలి.

తణుకు_కోళ్ళఫారం
అంటుకునే మాట నిజమే, మా పక్క షెడ్డు అలాగే పోయింది. సీసాయే మేలు.

బెంజిసర్కిల్_సుధ
రెండో రోజు. బరువు 165, మూడు గ్రాములు తగ్గింది. రాత్రి పదకొండుకు, రెండుకు, అయిదుకు లేచి పట్టాను. బియ్యప్పిండిలో పిల్లి అడుగులు లేవు, పందికొక్కు అడుగులు మాత్రం గోడ వెంబడి బారుగా ఉన్నాయి. అవి చూశాక దీన్ని అక్కడ వదిలిపెట్టనందుకు గుండె కుదుటపడింది. అసలు ఎంత పాలు పట్టాలో నాకు తెలియడం లేదు. డబ్బామీద అచ్చులో ఉన్న పట్టిక వయసును బట్టి ఉంది, దీని వయసేమో మనం అనుకున్నదే కదా.

లెక్కలమాస్టారు
వయసును పక్కన పెట్టి బరువుతో లెక్క వేయండి. వంద గ్రాముల బరువుకు రోజుకు దాదాపు 20 కిలోకేలరీలు కావాలి. మీ కూనకు 33 అవుతాయి. కలిపిన పాలలో మిల్లీలీటరుకు ఎన్ని కిలోకేలరీలు ఉంటాయో డబ్బామీద చూడండి, 0.9 అనుకుంటే రోజుకు 37 మిల్లీలీటర్లు. మూడు గంటలకోసారి అంటే ఎనిమిది సార్లు, పూటకు నాలుగున్నర లేదా అయిదు. కడుపులో పట్టేది వంద గ్రాములకు నాలుగు మిల్లీలీటర్ల చొప్పున చూసుకున్నా దీనికి ఆరున్నర పైచిలుకు, కాబట్టి అయిదు ఇబ్బంది పెట్టదు. బరువు పెరిగిన కొద్దీ ఈ లెక్కను రెండు రోజులకోసారి మళ్ళీ వేయాలి.

బెంజిసర్కిల్_సుధ
నేను పూటకు రెండు మిల్లీలీటర్లు పట్టి, నోరు తిప్పేస్తోంది కదా, కడుపు నిండిందని అనుకుంటున్నాను.

కాచిగూడ_కిటికీ
నోరు తిప్పేది కడుపు నిండి కాదు, సిరంజి ప్లాస్టిక్ మొన నచ్చక. సీసాకు తగిలించే చిన్న చన్ను వాడి చూడండి. కొత్త చన్నుకు బెజ్జం ఉండదు, వేడి చేసిన సూదితో గుచ్చాలి. సీసాను తలకిందులుగా పట్టుకుంటే పాలు ధారగా కాకుండా ఒక్కొక్క చుక్కగా పడేంత బెజ్జమే ఉండాలి. నిజంగా కడుపు నిండిన కూన పెదవుల దగ్గర నురగ కనిపిస్తుంది, పొట్ట గుండ్రంగా ఉంటుంది గానీ డోలులా బిగుసుకోదు, ఆ వెంటనే నిద్రపోతుంది.

ఉడుతమామ
నేను కొబ్బరిచెట్టు మీదినుంచి పడిన ఉడుతపిల్లలను పెంచినప్పుడు సిరంజి మొనకు సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగేవాడిని. పిల్లికూనలకూ అది పనిచేసింది. అయితే పళ్ళు మొలిచే రెండు మూడు వారాల వయసులో ఆ ముక్కను లాగి మింగేయవచ్చు, ఒకసారి నా వేలితో నోట్లోంచి తీయవలసి వచ్చింది. అందుకని మొలిచే పళ్ళు వేలికి తగలగానే మానేయండి.

బెంజిసర్కిల్_సుధ
సోమవారం గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడ వరుసలో మా ముందు ఒక ఒంగోలు గిత్త, వెనక రెండు మేకలు ఉన్నాయి, మధ్యలో నేను చెప్పుల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. డాక్టరుగారు ఛాతీ మీద స్టెతస్కోపు బిళ్ళ పెడితే అది కూన ఛాతీ అంతా కప్పేసింది. కుడివైపు ఊపిరితిత్తిలో కొంచెం గరగర ఉందని, ఆ మొదటి రాత్రి పాలే కారణమని చెప్పి, అయిదు రోజులకు మందు ఇచ్చారు. ఒక్కో మోతాదు చుక్క కంటే కాస్త ఎక్కువ, అంతే. మందు తేడా వస్తుందని బరువు రెండుసార్లు తూచారు. ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో నేను అడగలేదు.

ఇంకొక సమస్య. మెడ దగ్గర గోమార్లు పాకుతున్నాయి. మా మామగారు ఊళ్ళో కుక్కకు చల్లే పొడి పంపిస్తానంటున్నారు.

తెల్లకోటు_09
ఆ పొడి ఇంట్లోకి కూడా రానివ్వకండి. కుక్కలకు అమ్మే గోమారి మందులు చాలావాటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి కాలేయం దాన్ని విరగగొట్టలేదు, వణుకు, మూర్ఛ వచ్చి చనిపోతుంది. అలాగే ఎవరైనా జ్వరమని పారాసిటమాల్ చుక్క వేయమంటే వినకండి, పిల్లులకు అది విషం. కర్పూరం, కలరా ఉండలు కూడా పెట్టె దగ్గర ఉంచరాదు. సన్నని పళ్ళ పేన్ల దువ్వెనతో దువ్వి, ఒక్కొక్క గోమారిని సబ్బునీటి గిన్నెలో వేయండి. మరీ ఎక్కువ ఉంటే తల తడవకుండా గోరువెచ్చని నీటిలో మెడ దాకా కడిగి, వెంటనే తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. చిన్న విషయమని వదిలేయకండి, గోమార్లు పీల్చే రక్తానికి ఇంత చిన్న కూన చిగుళ్ళు పాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

బెంజిసర్కిల్_సుధ
ఇరవై మూడు గోమార్లు. లెక్కపెట్టినది మా అత్తగారు. నాకు కన్ను సరిగా ఆనడం లేదని దువ్వెన నా చేతిలోంచి తీసుకున్నారు. పిల్లి వెంట్రుక ఇంట్లో పడకూడదన్న మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

మూడోఅంతస్తు
అత్తగారికి మనవడి తలలో పేలు తీసిన అనుభవం ఊరికే పోలేదు.

బెంజిసర్కిల్_సుధ
అయిదో రోజు, బరువు 190. మందు పట్టిన దగ్గరనుంచి రోజుకు పది, పన్నెండు గ్రాములు పెరుగుతోంది. కానీ నిన్న మా ఏడేళ్ళ బాబు పెట్టెలో చెయ్యి పెడితే గోరు గీసుకుని చిన్న గీత పడింది, రెండు చుక్కల రక్తం వచ్చింది. పాలు తాగే కూన కదా, ఏమీ కాదని మా వారు అంటున్నారు.

రాత్రి_డ్యూటీ
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. కూన వయసును చూసి ధైర్యపడకండి, దాని తల్లి ఏమైందో ఎవరికీ తెలియదు, తల్లిని ఏదైనా కరిచిందో లేదో అసలే తెలియదు. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఇంతవరకు కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కారం వంటివి రాయవద్దు. ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజులలో ఇస్తారు. రక్తం వచ్చిన గాయం కాబట్టి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్) కూడా అవసరమా అన్నది అక్కడి డాక్టరుగారు చూసి చెబుతారు.

సందేహాలరావు
మరీ భయపెడుతున్నారు. గోరు గీతకు రేబిస్ వచ్చినవారిని నేను నా జీవితంలో చూడలేదు. ఇలా అంటే ఎవరూ ఇక జంతువులను చేరదీయరు.

రాత్రి_డ్యూటీ
గోరు గీతకు వచ్చే అవకాశం తక్కువే, కాదనడం లేదు. కానీ లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్‌కు చికిత్స లేదు, ముందుగా టీకా వేసుకుంటే రాదు. తక్కువ అవకాశాన్ని పట్టుకుని ఏడేళ్ళ బాబుతో పందెం కాయమంటారా? చేరదీయవద్దని నేను అనలేదు, మా ఇంట్లోనూ రెండు ఉన్నాయి, వాటిని తెచ్చిన ఏడాది నేను ఆ నాలుగు రోజులూ టీకా వేయించుకున్నాను.

బెంజిసర్కిల్_సుధ
సాయంత్రం వేయించాము. మా వారు కూడా తన చేతిమీది గీత చూపించి వరుసలో నిలబడ్డారు.

వరంగల్_వాణి
నేను ఇంతవరకు చదువుతూ మాత్రమే ఉన్నాను. నాకు అయిదో నెల. మా ఇంట్లో ఏడాదిగా పిల్లి ఉంది, అందరూ వదిలేయమని ఒత్తిడి చేస్తున్నారు. నిజంగా వదిలేయాలా?

తెల్లకోటు_09
వదిలేయనవసరం లేదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించే వారి భయం. అది పిల్లి ఒంటినుంచి కాదు, మలంనుంచి వస్తుంది, అందులోనూ బయటికి వచ్చాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మీ పిల్లి మలం మట్టిని మీరు కాకుండా ఇంకొకరు రోజూ తీసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, ఒట్టి చేతులతో కుండీల మట్టి పని, వీటి దగ్గర కూడా అంతే జాగ్రత్త అవసరం. మీ ప్రసూతి డాక్టరుగారికి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తారు.

బెంజిసర్కిల్_సుధ
మా అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్టు దగ్గర నోటీసు అంటించారు, సెల్లార్‌లోని పిల్లులన్నింటినీ పట్టించి ఊరి బయట వదిలిస్తారట. మా ఇంట్లో ఉన్నదాన్ని కూడా పంపేయమని వాచ్‌మన్‌తో చెప్పించారు.

లెక్కలమాస్టారు
జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. అందులోని 11వ సెక్షన్ ప్రకారం ఆకలితో, దాహంతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం శిక్షార్హం. ఆ వాక్యం రాసిన కాగితాన్ని నోటీసు పక్కనే మర్యాదగా అంటించండి, వాదనకు దిగకండి.

మూడోఅంతస్తు
పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు, సెక్రటరీ నోటీసులకు పిల్లులు పోవు. అవి పోతే ఆ పందికొక్కులు ఆయన కారు వైర్లు కొరికినప్పుడు తెలుస్తుంది.

బెంజిసర్కిల్_సుధ
దొరికి నాలుగు వారాలైంది. ఇంతకాలం రాయలేకపోయాను, నిద్ర తప్ప ఇంకేమీ కావాలనిపించలేదు. బరువు 441 గ్రాములు. రెండో వారంలో ఒక రోజు బరువు పెరగకుండా అక్కడే ఆగింది, చూస్తే పాలు కలిపిన నీళ్ళు చల్లారిపోయి పొడి ఉండలు కట్టి చన్ను బెజ్జం మూసుకుంది. త్రాసు లేకపోతే నాకు తెలిసేదే కాదు. మూడో వారంలో కాళ్ళమీద నిలబడింది, నిలబడిన కాసేపటికి పక్కకు ఒరిగింది. ఇప్పుడు త్రాసు మీది గిన్నెలో కూర్చోనివ్వడం లేదు, అత్తగారు చీపురుపుల్ల ఆడిస్తుంటే నేను గబగబా అంకె చదవాలి. పాలు పట్టేటప్పుడు చన్నును కొరుకుతోంది. దూదితో రాయకుండానే నిన్న తలుపు వెనక మూత్రం పోసింది. ఇక ఏం పెట్టాలి, మట్టి ఎప్పుడు అలవాటు చేయాలి?

కాచిగూడ_కిటికీ
చన్నును కొరకడమే అది మీకు చెబుతున్న మాట. ఉడికించిన కోడిమాంసాన్ని ఎముక లేకుండా మెత్తగా నూరి, అదే పాలతో జారుగా కలిపి, మూకుడులాంటి లోతులేని పళ్ళెంలో పెట్టండి. ఉప్పు, పసుపు వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరముక్క అసలే పెట్టవద్దు, వాటివల్ల పిల్లి రక్తకణాలు పగిలిపోతాయి. మొదటి రెండు రోజులు తినడం కంటే దానిలో నడవడమే ఎక్కువగా ఉంటుంది. పాలు ఒక్కసారిగా మానిపించకండి, వారం పది రోజులలో తగ్గించండి. మట్టికి ఇంటి నిర్మాణం దగ్గర దొరికే ఇసుక జల్లించి, అంచు తక్కువ ఉన్న ట్రేలో పోయండి, తిన్న వెంటనే దానిలో దింపండి. తడి తగిలితే గడ్డకట్టే కొనుగోలు మట్టి ఈ వయసులో వద్దు, కూనలు దాన్ని నోట్లో పెట్టుకుంటాయి.

అమ్మమ్మగారి_మాట
చేప పెట్టమని చెప్పబోయి ఆగాను. ముల్లు తీసి పెడితే తప్పా తల్లీ?

తెల్లకోటు_09
తప్పు లేదు అమ్మమ్మగారూ, ఉడికించి, ముల్లు తీసి, అప్పుడప్పుడు మాత్రమే. రోజూ చేపే అయితే మిగతాది ముట్టదు.

సుధగారూ, నట్టల మందు మొదటి మోతాదు పడిందా? రెండు వారాలకోసారి బరువును బట్టి ఇవ్వాలి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఆ తరువాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల వయసు వరకు, రేబిస్ టీకా పన్నెండు వారాలు నిండాక. ఈ టీకాలన్నీ పూర్తయ్యేదాకా సెల్లార్‌లోని పిల్లుల దగ్గరికి పోనివ్వకండి. పార్వో జాతికి చెందిన పిల్లివైరస్ చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది, కాబట్టి చెప్పులు గుమ్మం బయటే ఉండాలి. ఫినాయిలు వేసి తుడిచిన నేల ఆరేదాకా దాన్ని గదిలో ఉంచండి, పాదాలకు అంటినది నాక్కుంటే పిల్లికి ఒంటికి పడదు.

బెంజిసర్కిల్_సుధ
నట్టల మందు ఒక మోతాదు పడింది, రెండోది వచ్చే గురువారం. టీకాకు గన్నవరంలో రెండు వారాల తరువాత రమ్మన్నారు. ఫినాయిలు సంగతి తెలియక ఈ రోజు పొద్దునే తుడిచాను, ఇప్పుడే మళ్ళీ ఒట్టి నీళ్ళతో తుడుస్తున్నాను.

రాత్రి_డ్యూటీ
బాబుకు ఇరవై ఎనిమిదో రోజు టీకా ఈ వారంలోనే పడుతుంది, కూన మందుల మధ్య దాన్ని మరవకండి.

బెంజిసర్కిల్_సుధ
గురువారమండి. క్యాలెండరులో ఇద్దరివీ ఒకే సిరాతో రాశాను.